తొమ్మిదో శిబిరంలో వేడినీళ్లు

సైనిక సేవా సాహిత్య పురస్కారాల సంఘం వారు ఈ ఏడాది కూడా అర్హులకే పురస్కారాలు ఇచ్చారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అర్హులెవరో నిర్ణయించేది సంఘం వారే కాబట్టి ఇందులో పొరపాటు జరిగే అవకాశం ఇంతవరకు రాలేదు. ఇకముందు కూడా రాదని వారు ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ తీర్మానానికి అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు.

పురస్కారాలు రెండు. ఒకటి సృజనాత్మక రచనకు, ఇంకోటి చరిత్ర రచనకు. ఏది సృజన, ఏది చరిత్ర అన్న విషయంలో మొదట్లో కొంత గందరగోళం ఉండేదట. ఇప్పుడు లేదు. పుస్తకంలో సైనికుడు ప్రేమలో పడితే సృజన, నేలమీద పడితే చరిత్ర. రెండు చోట్లా పడ్డవాడుంటే, ఎక్కడ ఎక్కువ పేజీలు పడి ఉన్నాడో లెక్కచూసి తేలుస్తారు.

ఒకప్పుడు న్యాయనిర్ణేతలు పుస్తకాలు చదివేవారు. దానివల్ల అభిప్రాయ భేదాలు వచ్చి, ఒకాయన కళ్లజోడు పగిలింది. అప్పటినుంచి శాస్త్రీయ పద్ధతి అమల్లోకి తెచ్చారు. దాని పేరు రోమ పరీక్ష. ఆఫీసు రెండో అంతస్తులో కిటికీలు మూస్తారు, ఫ్యాను ఆపుతారు. సంఘంలో గొంతున్న చరిత్రాచార్యులు పుస్తకం పైకి చదువుతారు. బల్లమీద పచ్చగుడ్డ పరిచి, దానిమీద ఒక చెయ్యి ఉంచుతారు. ఆ చేతిమీద రోమాలు ఎన్నిసార్లు నిక్కబొడుచుకున్నాయో అధ్యక్షులవారు భూతద్దంతో చూసి ఒక పత్రంలో గీతలు పెడతారు. పత్రంలో ధైర్యానికి ఒక గడి, త్యాగానికి ఒక గడి, జెండాకు ఒకటి, చివరి మాటకు ఒకటి ఉన్నాయి. పాత పత్రంలో నిజానికి కూడా ఒక గడి ఉండేదంటారు. మళ్లీ అచ్చు వేయించినప్పుడు కాగితం వెడల్పు చాలక అది కత్తిరింపులో పోయింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఆ చెయ్యి టపా గుమాస్తాది. ఉత్తరాలకు బంక అంటించే పనిలో చేరిన మనిషి. ఒక ఎండాకాలం ఆయన చొక్కా చేతులు మడుచుకుని స్టాంపులు అంటిస్తుంటే అధ్యక్షులవారి చూపు పడింది. అంత ఒత్తైన చేతులు ఆ ఆఫీసులో మరెవరికీ లేవు. మర్నాడే ఉత్తర్వులు వచ్చాయి: పరీక్ష ఉన్న రోజు చన్నీళ్ల స్నానం చేయరాదు, ముంజేతికి నూనె రాయరాదు, ఇంట్లో భార్యతో పోట్లాడి రారాదు. అప్పటినుంచి అందరూ ఆయన్ని రోమాల గుమాస్తా అంటున్నారు. మొదట్లో ముఖం మాడ్చుకునేవాడు గాని, ఇప్పుడు పిలిస్తే పలుకుతాడు.

చరిత్ర పురస్కారానికి ఇంకో గౌరవం కూడా ఉంది. గెలిచిన పుస్తకంలో ప్రాణాలు వదిలిన ప్రతి సైనికుడి పేరూ, వీరమందిరంలోని అమరుల గోడమీద చెక్కుతారు. చెక్కిన పేరు చెరపరు. కొత్త పేరు చేరాలంటే ఇంకో పుస్తకం గెలవాలి. వేరే దారి లేదు. ఈ కథకు ఆ గోడే మూలం కాబట్టి పాఠకులు దీన్ని గుర్తుంచుకోవాలని మనవి.

ఇక గరిటె బాబాయి సంగతి. సైన్యంలో ఇరవై రెండేళ్లు వంట చేసి, రెండు మోకాళ్లూ అక్కడే వదిలేసి వచ్చిన పెద్దమనిషి. దర్జీ దుకాణం మీద రెండు గదుల్లో భార్యతో ఉంటాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా ఆయన చెయ్యి పన్నెండు మందికి తక్కువ వండలేదు. మిగతా పదిమంది వాటా గిన్నెల్లో సర్దుకుని ఆవిడ రోజూ మెట్లు దిగి వీధిలో పంచిపెట్టి వస్తుంది. "ఈయన సైన్యం నుంచి వచ్చాడు గాని, సైన్యం ఈయన్ని వదిలి రాలేదమ్మా" అని దర్జీ భార్యతో చెప్పుకుంటుంది.

ఆ పన్నెండు మంది తొమ్మిదో శిబిరం వాళ్లు. ఏడాదిలో పది నెలలు మంచు ఉండే కొండమీద, ఒక రేకుల పాకలో, పన్నెండు మంది. పదకొండు మంది పేర్లు సైన్యం రికార్డులో ఉన్నాయి. పన్నెండోవాడు బకెట్టు. నీళ్లు మోసే పని అతనిది కాబట్టి అందరూ అలా పిలిచేవారు. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు, తుపాకీ శుభ్రం చెయ్యమంటే ముందు దానికి నమస్కారం పెట్టి మరీ ముట్టుకునేవాడు. ఒకరోజు ఉదయం పైనుంచి వచ్చిన తనిఖీ అధికారి స్నానానికి రెండు బకెట్ల వేడినీళ్లు కావాలన్నాడు. పీపాలో నీళ్లు గడ్డకట్టాయి. గరిటె బాబాయి వంటపాకలోంచి తల బయటపెట్టి, "తమ్ముడూ, నీళ్లు అయిపోయాయిరా" అన్నాడు. బకెట్టు రెండు బకెట్లూ తీసుకుని ఊట దగ్గరికి బయల్దేరుతూ, "పొయ్యి ఆర్పకు బాబాయ్, ఇప్పుడే వస్తా" అన్నాడు.

తిరిగివస్తూ మంచుమీద కాలు జారి లోయ అంచున బండలమీద పడ్డాడు. వీళ్లు వెళ్లేసరికి అయిపోయింది. ఒక బకెట్టు దొర్లిపోయింది. రెండోది మాత్రం అతని పక్కనే నిటారుగా నిలబడి ఉంది, చుక్క ఒలకలేదు.

నీళ్లు తెమ్మని లిఖితపూర్వకమైన ఉత్తర్వు లేదు కాబట్టి, అతను ఆ సమయంలో విధుల్లో లేడని రికార్డులో రాశారు. విధుల్లో లేనివాడు శిబిరంలో ఉన్నట్టు కాదు కాబట్టి శిబిరం జాబితాలోంచి కూడా పేరు తీసేశారు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది.

బకెట్టు భార్య అదే వీధి చివర ఇస్త్రీ దుకాణం నడుపుతోంది. ఏటా స్మారక దినం నాడు దుకాణం మూసి వీరమందిరానికి వెళుతుంది. గోడ ముందు నిలబడి పైనుంచి కిందిదాకా పేర్లన్నీ చదువుతుంది. వచ్చేటప్పుడు గరిటె బాబాయి ఇంట్లో మంచినీళ్లు తాగుతుంది.

"ఏమ్మా, చూశావా?" అంటాడు.

"చూశానన్నయ్యా. ఈసారి కూడా లేదు" అంటుంది, బస్సు రాలేదన్నంత మామూలుగా.

ఆ మాట విన్న ప్రతిసారీ ఆయన గుండె చెరువయ్యేది. నీళ్లు అయిపోయాయన్నది తను. పొయ్యి ముందు కూర్చున్నది తను. జారిపడ్డది వాడు. ఆ గోడమీద వాడి పేరు చూడకుండా తను కన్ను మూయకూడదనుకున్నాడు. అందుకే, ఉత్తరం ముక్క కూడా భార్య చేత రాయించుకునే మనిషి, మూడేళ్లు కూర్చుని పుస్తకం రాశాడు. "మంచుకొండ మీద మూడు పూటలు" అని పేరు పెట్టాడు.

రెండు వందల పద్నాలుగు పేజీలు. ఆ ఎత్తులో బంగాళాదుంప ఉడకడానికి ఎంతసేపు పడుతుందో ఉంది. ఒక దుప్పటి కోసం నలుగురు నెల రోజులు మాట్లాడుకోకపోవడం ఉంది. ఒకడికి ఇంటినుంచి వచ్చిన ఉత్తరాన్ని నలభై సార్లు పైకి చదివితే మిగతా పదకొండు మందికీ కంఠతా వచ్చి, ఎవరికి తోచినప్పుడు వాళ్లు వాడి భార్య క్షేమం అడగడం ఉంది. నూట అరవై మూడో పేజీలో బకెట్టు ఉన్నాడు, అసలు పేరుతో, పెద్దక్షరాలతో. శత్రువు మాత్రం లేడు. అవతలి కొండమీద ఉండేవారట గాని, వాళ్లకూ చలేసి బయటికి వచ్చేవారు కారు.

పుస్తకాన్ని చరిత్ర విభాగానికి పంపాడు. సంఘం వారు పద్ధతి ప్రకారం కిటికీలు మూసి పరీక్షించారు. యాభై పేజీలయ్యాయి, చెయ్యి చెక్కుచెదరలేదు. నూరు పేజీలయ్యాయి, చెమట పట్టింది గాని దానికి కారణం కిటికీలు. నూట అరవై మూడో పేజీ దగ్గర గుమాస్తా కళ్లనుంచి నీళ్లు ధారకట్టి పచ్చగుడ్డ తడిసింది. అధ్యక్షులవారు భూతద్దం చేత పట్టుకుంటే మరేదీ వినపడని మనిషి. ఆయన ముంజేతినే చూస్తూ, "లేవలేదు" అన్నారు.

"ఏడుపొస్తోందండీ" అన్నాడు గుమాస్తా.

"అది మీ ముఖంలో. మనం చూసేది చెయ్యి."

పత్రంలో కన్నీళ్లకు గడి లేదు. పైగా చరిత్రాచార్యులు పుస్తకంలో శత్రువు పాత్రచిత్రణ బలహీనంగా ఉందని అభిప్రాయపడ్డారు. సృజన విభాగానికి పంపి చూశారు. నాయిక ఉత్తరాల్లో తప్ప కనిపించదనీ, ఆ ఉత్తరాల్లో కూడా మోకాలి నొప్పి గురించే అడుగుతుందనీ వాళ్లు తిప్పి పంపారు. చివరికి గరిటె బాబాయికి ఉత్తరం వచ్చింది. "మీ వంటల పుస్తకం ఆద్యంతం ఉపయోగకరంగా ఉంది. మా పరిధిలోకి రానందుకు చింతిస్తున్నాం."

ఆ ఏడాది చరిత్ర పురస్కారం "మంచులో మంటలు" అనే గ్రంథానికి వచ్చింది. రాసినాయన సుప్రసిద్ధ నవలాకారుడు. ఫ్రిజ్జు తలుపు తీసి రెండు క్షణాలు నిలబడితే తుమ్ములొచ్చే మనిషి గాని, మంచును వర్ణించడంలో దిట్ట. ఆయన ఎక్కడో తొమ్మిదో శిబిరం జాబితా సంపాదించి, అందులోని పదకొండు మందినీ మూడు వందల మంది శత్రువుల మీదికి పంపి, ఒక్కొక్కరికీ ఒక్కో అధ్యాయంలో వీరమరణం ప్రసాదించారు. వంటవాడు ఏడో అధ్యాయంలో పోయాడు. గరిటెతో ఐదుగురిని పడగొట్టి, ఆరోవాడి తూటాకు ఎదురొడ్డి, "నా రొట్టె తిన్న చేతులు ఓడిపోవు!" అంటూ నేలకొరిగాడు. గుమాస్తా రోమాలు నలభై ఏడుసార్లు లేచాయని రికార్డు.

ఆ సంగతి మన బాబాయికి తెలియదు. స్మారక దినం నాడు బకెట్టు భార్య మెట్లు ఎక్కుతూనే కేకేసింది.

"అన్నయ్యా! నీ పేరు గోడమీద ఎక్కిందన్నయ్యా!"

గరిటె బాబాయి పులుసు గరిటె పట్టుకునే గుమ్మం దాకా వచ్చాడు. ఆయన భార్య చేతిలో గిన్నె పక్కన పెట్టి, ఆయన నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"వెచ్చగానే ఉన్నారే. ఎప్పుడు పోయారండీ?"

"ఏడో అధ్యాయంలోనట వదినా" అంది బకెట్టు భార్య. "అందరూ పోయారు. పదకొండు మందీ."

పదకొండు మందిలో ఒకడు క్షౌరశాల నడుపుతున్నాడు, ఒకడు బస్సు నడుపుతున్నాడు, ఒకడు మనవడిని ఎత్తుకుని నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. ఒక్కడి ఒంటిమీదా గీత పడలేదు. అందరి పేర్లూ గోడమీద నిగనిగలాడుతున్నాయి. ఆ కొండమీద నిజంగా పోయినవాడి పేరొక్కటే లేదు.

"ఆయన పేరుందేమోనని రెండుసార్లు చదివానన్నయ్యా" అంది ఆవిడ, కొంగుతో ముఖం తుడుచుకుని. ఈసారి ఆ మాట మామూలుగా రాలేదు.

మర్నాడు గరిటె బాబాయి కర్ర పట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్లాడు. అధ్యక్షులవారు ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పాలి. సైన్యంలో గుండీల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, పైమెట్టు దాకా ఎదిగిన ప్రముఖులు. సైన్యానికి గుండీల విభాగమనేది ఒకటుందని చాలామందికి తెలియదు. గుండీ ఊడినప్పుడు గాని దాని విలువ తెలియదని ఆయన తరచు అంటుంటారు.

"నేను బతికే ఉన్నానండీ" అన్నాడు గరిటె బాబాయి.

"చాలా సంతోషం. అది మీ సొంత విషయం" అన్నారు అధ్యక్షులవారు.

"గోడమీద నా పేరుందండీ."

"ఉంటుంది. చెక్కిన పేరు చెరపం. మీరేం కంగారుపడకండి."

"చెరపమని కాదండీ. నా పేరు పక్కన ఇంకో పేరు చెక్కమని అడగడానికొచ్చాను. మా బకెట్టు. వాడు నిజంగానే పోయాడండీ."

అధ్యక్షులవారు సానుభూతితో ముందుకు వంగారు. "ఏ పుస్తకంలో పోయాడు?"

"నా పుస్తకంలో."

"అది వంటల పుస్తకం కదండీ!"

"వాడి భార్య ఏటా వచ్చి గోడ చూసుకుంటోందండీ. మీకు పుణ్యముంటుంది."

"చూడండి పెద్దాయనా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఎవరు పడితే వాళ్లు పోయారని చెప్పి పేర్లు చెక్కుకుంటూ పోతే, ఇక చరిత్రకు విలువేముంటుంది?"

గరిటె బాబాయి కర్ర అందుకుని లేచాడు.

మెట్లు దిగుతుంటే రోమాల గుమాస్తా వెనకే వచ్చి చెయ్యి అందించాడు. పక్కకు తీసుకెళ్లి బల్లమీద కూర్చోబెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"బాబాయ్, మీ పుస్తకం విని రెండు రోజులు అన్నం సయించలేదండీ నాకు. కానీ ఏం చెయ్యను? చెయ్యి నా మాట వినదు."

"మరి దేనికి వింటుంది నాయనా?"

"జెండా ఎగరాలండీ. ఉరుము ఉరమాలి. ఒక్కడు కనీసం పదిమందిని కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పోయేవాడు ఏదో ఒకటి గట్టిగా అనాలి. ఏమీ అనకుండా పోతే నా రోమాలు లేవవండీ." ముంజేతిని తనే అసహ్యంగా చూసుకున్నాడు. "మావాడు కూడా సైన్యంలోనే ఉన్నాడు బాబాయ్. ఉత్తరం వచ్చి నెలయింది. అది తలుచుకుంటే మాత్రం ఇవి లేవవు. నేనే లేచి వీధి గుమ్మం దాకా వెళ్లి చూసొస్తాను, అంతే."

గరిటె బాబాయి ఇల్లు చేరి రెండు రోజులు తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో పులుసులో ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ కలిపి ఎరుగడు. ఇప్పుడు ఒక యుద్ధమే కలపాలి. మూడో రోజు భార్య చూసి చూసి విసుక్కుంది.

"మీరు రాసిన నిజాన్ని వాళ్లు వంటల పుస్తకమన్నారు. సరే, వండండి మరి. ఎవరొద్దన్నారు?"

"తప్పు కదే?"

"తప్పే. ఆ పిల్ల ఏటా గోడ ముందు నిలబడి రావడం ఒప్పా? వెళ్లి ఆవిడనే అడగండి. పోయినాయన ఆవిడ మొగుడు. మీరూ నేనూ తేల్చేదేముంది?"

బకెట్టు భార్య చొక్కాల కట్ట ముందు నిలబడి అంతా విన్నది. ఇస్త్రీ పెట్టె ఆపి పక్కన పెట్టింది.

"ఎంతమందిని చంపిద్దామనుకుంటున్నావన్నయ్యా ఆయన చేత?"

"నలభై మంది అనుకున్నానమ్మా. నవలాకారుడు నాకే ఐదుగురిని ఇచ్చాడు మరి."

"అమ్మో, నలభై మందే! కోడిని కొయ్యాలంటే పక్కింటాయన్ని పిలిచే మనిషన్నయ్యా ఆయన. ఇద్దరు చాలరూ?"

"ఇద్దరైతే చెయ్యి లేవదమ్మా. గుమాస్తా పదికి తక్కువైతే లాభం లేదన్నాడు."

"పోనీ, చంపకుండా తరిమేస్తే?"

"తరిమితే సగం మార్కులేనట."

ఆవిడ చేతిలో చొక్కా మడత పెట్టింది. దుకాణం ముందు ఎవరో బట్టలు పట్టుకుని నిలబడితే తర్వాత రమ్మంది.

"పన్నెండు మందిని చెయ్యి. అంతకు మించి ఒక్కడొద్దు. తుపాకీతో కూడా వద్దు, అదంటే ఆయనకి భయం."

"మరి దేనితోనమ్మా?"

"బకెట్లతో" అంది. అని నవ్వబోయి ఏడ్చేసింది.

అలా రాసిందే "తొమ్మిదో శిబిరంలో చివరి వీరుడు". పదకొండు మంది నేలకొరిగాక, ఒంటరిగా మిగిలిన బకెట్టు మూడు రోజులు శిబిరాన్ని కాపాడతాడు. సలసల కాగే నీళ్లు రెండు బకెట్లూ పన్నెండు మంది శత్రువుల మీద కుమ్మరిస్తాడు. ఆకాశం ఉరుముతుంది. జెండా కొండకొమ్ముమీద పాతి, "నేను పడిపోవచ్చు, ఈ కొండ పడిపోదు!" అని గర్జించి కళ్లు మూస్తాడు. తనిఖీ అధికారి ఉన్న పేజీని తీసేశాడు, అక్కడ శత్రువును పెట్టాడు. ఆ గర్జన రాసిన రోజు గరిటె బాబాయి వండలేదు. వీధిలో పది ఇళ్లవాళ్లు ఏమైందోనని పైకి వచ్చి చూసిపోయారు.

పరీక్షలో ఫలితాలు అపూర్వం. రోమాలు అరవై రెండుసార్లు లేచాయి. గర్జన దగ్గర లేచినవి మళ్లీ పడుకోక, గుమాస్తా సాయంత్రం దాకా చొక్కా చెయ్యి దించుకోలేకపోయాడు. చిన్న చిక్కులు రెండు వచ్చాయి గాని చరిత్రాచార్యులు విడదీశారు. మొదటిది, పోయినేడు గెలిచిన గ్రంథం ప్రకారం యుద్ధం ఒక్క పూటలో ముగిసింది, దీని ప్రకారం నాలుగు రోజులు సాగింది. రెండు ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు కాబట్టి ఇది కచ్చితంగా చరిత్రేనని ఆయన తేల్చారు. రెండోది, గ్రంథకర్త పోయినేడే అమరుడై గోడ ఎక్కాడు. అమరుడు పుస్తకమెలా రాశాడు? రాతప్రతి ఇప్పుడే బయటపడిందని ప్రకటించారు.

"ఎక్కడ బయటపడిందండీ?" అని విలేకరి అడిగాడు.

"ఆయన సంచిలో" అన్నారు ఆచార్యులు. అది మాత్రం నిజం.

పురస్కారం మరణానంతరం కాబట్టి గరిటె బాబాయి భార్యను వేదికమీదికి పిలిచారు. ఆయన్ని మూడో వరసలో కూర్చోబెట్టారు, అమరవీరుల కుటుంబ సభ్యుల కోటాలో. పక్కన బకెట్టు భార్య, కొత్తగా ఇస్త్రీ చేసిన చీరలో. సభ మొదట్లో గ్రంథకర్త ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించారు. మోకాళ్లు నొప్పెడుతున్నా గరిటె బాబాయి కూడా లేచి నిలబడ్డాడు. తన కోసమే పెట్టింది, కూర్చుంటే బాగుండదనుకున్నాడు.

తర్వాత అధ్యక్షులవారు లేచారు. తాను మాటల మనిషిని కాదని నలభై నిమిషాలు చెప్పి, చివరికి విషయానికి వచ్చారు.

"సోదర సోదరీమణులారా! ఈ తొమ్మిదో శిబిరం గురించి మీరు చదివారు. నేను కళ్లారా చూశాను. అవును! గుండీల తనిఖీకి స్వయంగా ఆ మంచుకొండ ఎక్కాను. కాలు బయట పెడితే గడ్డకట్టే చలి. పీపాలో నీళ్లు రాయిలా ఉన్నాయి. ఆ ఉదయం నా స్నానానికి రెండు బకెట్ల వేడినీళ్లు అడిగాను. ఎంతసేపటికీ రాలేదు. చివరికి వచ్చింది ఒక్కటే బకెట్టు! ఎందుకని నేను అడిగానా? లేదు. కోప్పడ్డానా? లేదు. ఆ ఒక్క బకెట్టుతోనే సర్దుకున్నాను. త్యాగమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది!"

చప్పట్లతో మందిరం దద్దరిల్లింది. వేదిక పక్కన నిలబడ్డ రోమాల గుమాస్తా ఒక్కడే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నూట అరవై మూడో పేజీ విన్నవాడు కదా.

గరిటె బాబాయి కర్రమీద గడ్డం ఆనించి వేదికకేసి చూశాడు. ఆ రోజు ఒలకని బకెట్టు తెచ్చి పొయ్యిమీద పెట్టి, నీళ్లు కాచి పంపింది తనే. పొయ్యి ఆర్పలేదు కదా మరి. ఆ అధికారి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు, ముఖం చూడలేదు.

బకెట్టు భార్య ముందుకు చూస్తూనే మెల్లగా అడిగింది. మొదటి పుస్తకం చదివినవాళ్లలో ఆవిడ ఒకరు.

"అన్నయ్యా. ఆ నీళ్లు ఈయనకేనా?"

"అవునమ్మా."

కొత్త పేరుమీద కప్పిన తెర తీశాక ఆవిడ అందరితోపాటు గోడ దగ్గరికి వెళ్లింది. పేరు ఉంది. లోతుగా చెక్కారు, బంగారు రంగు నింపారు. కింద గర్జన కూడా చెక్కారు. ఆవిడ వేలితో అక్షరం అక్షరం తడిమింది.

"కిందివి ఎవరి మాటలన్నయ్యా?"

"నావేనమ్మా" అన్నాడు తల దించుకుని.

"బాగున్నాయి. ఆయనైతే ఇంత మాట్లాడేవాడు కాదు." అరచెయ్యి చాపి గర్జనను మూసేసింది. పేరు ఒక్కటే కనపడుతోంది. అలా చాలాసేపు నిలబడింది. "పొయ్యి ఆర్పకు, ఇప్పుడే వస్తా అన్నాడు కదన్నయ్యా" అంది. ఫొటోలవాడు వచ్చి, చెయ్యి తీస్తే గర్జన కూడా పడుతుందమ్మా అన్నాడు. ఆవిడ తియ్యలేదు.

"చివరి వీరుడు" ఇప్పటికి తొమ్మిది ముద్రణలు పొందింది. బడిపిల్లల పాఠ్యపుస్తకంలో చేరింది. పన్నెండు మంది శత్రువుల్లో ముఖ్యుడెవరని ఈ మధ్య ఒక పరీక్షలో ప్రశ్న కూడా వచ్చింది. "మంచుకొండ మీద మూడు పూటలు" ప్రతులు మాత్రం దర్జీ దుకాణం మీది గదిలో, మంచం కింద భద్రంగా ఉన్నాయి. అడిగినవాళ్లకు ఊరికే ఇస్తారు, గిన్నెడు పులుసు కూడా పోసి. ఇంతవరకు అడిగినవాళ్లు ఇద్దరే. ఒకరు ఇస్త్రీ దుకాణం ఆవిడ, ఒకరు రోమాల గుమాస్తా.

ఇంతసేపూ ఓపిగ్గా చదివిన మీకు సంఘం తరఫున ఒక్క మనవి. మీ చొక్కా చెయ్యి కొంచెం పైకి మడిచి, నిజాయితీగా గుర్తు చేసుకోండి. మీ రోమాలు ఎక్కడ లేచాయి? బకెట్టు కాలు జారినచోటా, కొండకొమ్ముమీద గర్జించినచోటా? జవాబు మాకు పంపనక్కర్లేదు. మా పత్రంలో దానికి గడి లేదు.